నిద్రకు కాపలా

ఉష్షత్తయ్యకు ఆ పేరు పెట్టింది నేనేనని చాలామంది అనుకుంటారు. కాదు. నేను ఆ కంపెనీ ఊరికి కాపురానికి వచ్చేసరికే ఆవిడ ఉష్షత్తయ్య. పేరు పెట్టిన పుణ్యాత్ములెవరో అప్పటికే పని మానేసి వెళ్లిపోయారు. ఆవిడకు నేను వరసకు ఏమీ కాను. అక్కడ ఎవరికీ ఎవరూ ఏమీ కారు కాబట్టి, ఎదురుపడ్డవాళ్లనే అత్తలనీ అక్కలనీ పిలుచుకుని సరిపెట్టుకునేవాళ్లం.

రెండు రైళ్లు మారి, కంపెనీ లారీలో సిమెంటు బస్తాల పక్కన కూర్చుని దిగాను ఆ ఊళ్లో. ఊరంటే ఏముంది గనక? ఖనిజం కరిగించే కర్మాగారం, దాని చుట్టూ కంపెనీ కట్టించిన ఇళ్ల వరసలు, ఒక దుకాణం, ఒక బడి, చిన్న ఆసుపత్రి. ఆ తర్వాత కనుచూపు మేరా ఎర్ర దుమ్ము. మా వరసలో చెట్టుకొకరు పుట్టకొకరుగా పొట్ట చేత పట్టుకుని వచ్చిన జనం. నాలుగు భాషలవాళ్లం ఉండేవాళ్లం. ఇంటికీ ఇంటికీ మధ్య చెక్క గోడ, అదీ ఇవతల తుమ్మితే అవతలివాళ్లు చిరంజీవ అనేంత పలచన. కొలిమి ఆరకూడదు కాబట్టి మగవాళ్లు మూడు షిఫ్టుల్లో పనికి పోయేవారు. ఏ పూట చూసినా ఏదో ఒక ఇంట్లో ఎవరో ఒకరు నిద్రపోతూనే ఉండేవారు.

దిగిన మర్నాడు పొద్దున్న అంట్లు తోముతూ గిన్నె జారవిడిచాను. అది దొర్లడం ఇంకా ఆగనేలేదు, గుమ్మంలో ఒక పొట్టి మనిషి ప్రత్యక్షమైంది. పెదవుల మీద వేలు పెట్టి "ఉష్" అంది. ఒంగి, దొర్లుతున్న గిన్నెను అరచేత్తో ఆపి, నా చేతికిచ్చి వెళ్లిపోయింది. ఎవరమ్మా నువ్వని గానీ, ఎక్కణ్ణించి వచ్చావని గానీ ఒక్క ముక్క లేదు. నాకు ఒళ్లు మండిపోయింది. మా పుట్టింట్లో ఉప్పు కావాలన్నా వీధి చివరికి వినబడేలా అడుగుతాం. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ పెళ్లివారికి ముందే చెప్పి మరీ ఒప్పించింది. అలాంటిదాన్ని పట్టుకుని ఉష్ అంటుందా అని సాయంత్రం మా ఆయన దగ్గర గొణిగాను. ఆయన నవ్వి, ముందు గొంతు తగ్గించమన్నాడు. ఆ తర్వాత సంగతి చెప్పాడు.

ఆ ఊరికి కొత్తగా వచ్చిన రోజుల్లో అత్తయ్య మొగుడు, మేమంతా మావయ్య అని పిలిచే మనిషి, రాత్రి షిఫ్టు దిగి వచ్చి పగలంతా కంటికి కునుకు లేక దొర్లేవాడట. ఒకవైపు పిల్లల ఏడుపు, ఇంకోవైపు రేడియో. అలా కొన్నాళ్లు గడిచాక, కొలిమి ముందు నిలబడి ఉండగానే కునికిపాటు వచ్చింది. కరిగిన లోహం చిమ్మి కుడి పాదం కాలింది. వెనకనున్నవాడు రెక్క పట్టి లాగకపోతే మనిషే దక్కేవాడు కాదు. ఆ పాదానికి కట్టు మార్చిన రోజుల్లోనే అత్తయ్య ఈ ఏర్పాటు ఆలోచించింది. మావయ్య పాత నీలం యూనిఫారం చొక్కాలు చింపి ఇంటికొక ముక్క పంచింది. గుమ్మానికి నీలం గుడ్డ వేలాడిందంటే లోపల రాత్రి షిఫ్టు మనిషి పడుకున్నాడని. తలుపు తట్టకూడదు, పేరు పెట్టి పిలవకూడదు, ఆ ఇంటి ముందు చెప్పులు చేత పట్టుకుని నడవాలి. అప్పటికీ చప్పుడు ఎక్కువైతే లోపలివాడు లేచి రానక్కర్లేదు, గోడ మీద వేలి కణుపులతో కొడితే చాలు. పక్కింటివాళ్లు సద్దుమణగాలి. నాలుగు భాషల జనానికీ అర్థమయ్యే మాట ఆ గోడ మీద దెబ్బ ఒక్కటే.

చెప్పడం తేలిక, జరిపించడం చూడాలి. కుక్కరు ఈలలు షిఫ్టు మారే సైరను మోగే వేళకు సరిగ్గా కుదిరేలా వండుకోవాలి. ఇనప బకెట్ల అడుగున పాత టైరు ముక్కలు కట్టించింది. పసిపిల్ల గుక్కపట్టి ఏడిస్తే తల్లి చేతిలోంచి లాక్కుని ఖనిజం గుట్టల దాకా ఎత్తుకుపోయి, ఊరుకున్నాకే తెచ్చి ఇచ్చేది. మొగుడూ పెళ్లాం దెబ్బలాడుకోవాలంటే సైరను దాకా ఆగాలి. అది మోగేసరికి కోపం కాస్తా చల్లారిపోయేది, లేకపోతే సంగతే మరిచిపోయేవాళ్లు. మా వరస కాపురాలు నిలబడ్డది ఆ సైరను పుణ్యమేనని మా ఆయన ఇప్పటికీ అంటాడు. బడి పంతులమ్మ మాత్రం మా పిల్లల గురించి మొత్తుకునేది. తెలివైనవాళ్లే, అడిగితే నోరు విప్పరు, చేతులతో చెబుతారని.

నా పొగరు దిగడానికి ఎక్కువకాలం పట్టలేదు. మా ఆయన తొలిసారి రాత్రి షిఫ్టు చేసి వచ్చి, నీలం గుడ్డ కట్టి పడుకున్నాడు. చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దంలో, పట్టపగలు, పసివాడిలా నిద్రపోయాడు. గుమ్మం బయట చూస్తే అత్తయ్య మా మెట్టు మీద కూర్చుని గింజల్లో రాళ్లు ఏరుతోంది, వీధిలో వెళ్లే పిల్లలకు వేలు చూపిస్తూ. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. దగ్గరకు వెళ్లి కూర్చుని నేనూ ఏరడం మొదలుపెట్టాను. మా వరస మగవాళ్లలో మరెవ్వరూ కొలిమి దగ్గర కునికి కాల్చుకోలేదు. ఆ ఘనత ఆవిడదేనని కర్మాగారంలో కూడా చెప్పుకునేవారు.

మావయ్యతో ఆవిడ మాట్లాడగా నేను చూసింది తక్కువ. ఆయన వచ్చేవాడు, స్నానం చేసేవాడు, తినేవాడు, పడుకునేవాడు. ఇంకొంచెం పెట్టనా అన్నది కనుబొమ్మతో, చాలన్నది అరచేత్తో. ఒకసారి అడిగాను, మీరిద్దరూ అసలు ఏం మాట్లాడుకుంటారు అత్తయ్యా అని. "మాటలేముంటాయే, ఆయన కంటినిండా నిద్రపోతే నాకదే పదివేలు" అని నవ్వింది.

సరుకుల బండి వచ్చిన ఒక రోజున జరిగింది ఆ ఘోరం. బండి వస్తే దుకాణం ముందు బారులు తీరాల్సిందే, వెనకబడ్డవాళ్లకు ఖాళీ బస్తాలే. అత్తయ్య పొద్దున్నే సంచి పట్టుకుని వెళ్లింది. మావయ్య షిఫ్టు దిగి వచ్చి, గుడ్డ కట్టి పడుకున్నాడు. వాళ్ల గోడకు అవతల మిషనమ్మ ఇల్లు. మన భాష కాదు ఆవిడది, వచ్చిన కొత్తలో నవ్వడం తప్ప ఏమీ చేతనయ్యేది కాదు. కుట్టుమిషను తొక్కి యూనిఫారాలు సరిచేసేది కాబట్టి మిషనమ్మ అయింది. ఆ రోజు కుడుతూ ఉండగా గోడ మీద దెబ్బ వినిపించింది. వెంటనే పెడలు మీంచి కాలు తీసేసింది. మళ్లీ దెబ్బ. తన పిల్లల్ని బయటకు పంపేసింది. మళ్లీ దెబ్బ. అప్పుడు తానే బయటకు వచ్చి, ఇంటింటి ముందూ నిలబడి పెదవుల మీద వేలు పెట్టింది. ఎదురింట్లో పప్పు రుబ్బుతున్న నాకూ వేలు చూపించింది. అందరం ఆపేశాం. పాపం, ముసలాయనకు ఈ వేళ నిద్ర పట్టడం లేదు కాబోలు అనుకున్నాం.

అత్తయ్య బరువు సంచితో తిరిగొచ్చి, గుమ్మానికి గుడ్డ చూసి, లోపలికి పోకుండా మెట్టు మీదే కూర్చుంది. వరసంతా కిక్కురుమనకుండా ఉంది. ఆవిడ ముఖంలో గర్వం నేను చూశాను. అలా సాయంత్రం సైరను దాకా కూర్చుంది. షిఫ్టుకు లేపుదామని తలుపు తోసేసరికి మావయ్య గోడ పక్కన నేల మీద పడి ఉన్నాడు. కుడి వైపంతా చచ్చుబడింది. మూతి వంకరపోయింది. ఎడమ చేతి కణుపులు తోలు లేచి ఉన్నాయి.

ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టారు గానీ మాట రాలేదు, కుడి చెయ్యీ కాలూ రాలేదు. కొన్ని వారాలు ఉంచుకుని ఇంటికి పంపారు. ఓడరేవులో పనిచేసే కొడుకు వచ్చి, సెలవు ఉన్నన్నాళ్లూ ఉండి, ఏడుస్తూ వెళ్లాడు. ఆ కణుపులు ఎందుకు అలా అయ్యాయని అత్తయ్య ఒకసారి నన్ను అడిగింది. పడ్డప్పుడు రాసుకుని ఉంటాయన్నాను. మిషనమ్మ అక్కడే ఉంది, తల వంచుకుంది. వరసలో ఆ దెబ్బల సంగతి తెలిసినవాళ్లు ఎవరూ ఆవిడకు చెప్పలేదు. చెప్పి ఏం ఉద్ధరిస్తాం అని నేనే అందరికీ నచ్చజెప్పాను.

ఇంటికొచ్చిన వారం తిరక్కుండానే మావయ్య తిండి మానేశాడు. చెంచా పెదవులకు తగిలితే మూతి బిగించి గోడవైపు తిరిగిపోయేవాడు. డాక్టరు వచ్చి చూసి, గొంతు బాగానే ఉంది, మింగగలడు, మనిషికే తినాలని లేదన్నాడు. ఇలాగే ఉంటే రైలెక్కించి పెద్దాసుపత్రికి తీసుకుపోయి ముక్కులో గొట్టం వెయ్యాలి, అంత ప్రయాణం ఈ ఒంటికి తట్టుకుంటుందో లేదో చెప్పలేనన్నాడు.  అత్తయ్య నా చెయ్యి పట్టుకుని, ఆయనకు నిద్ర చాలడం లేదే, అందుకే అలా నీరసపడిపోతున్నాడు అంది.

ఆవిడకు తెలిసిన మందు ఒకటే కదా. గుమ్మానికి నీలం గుడ్డ రాత్రీ పగలూ ఉంచేసింది. మావయ్య ఎడమ చెయ్యి మాత్రం ఊరుకునేది కాదు, ఉండుండి గోడ మీద కొట్టేవాడు. దెబ్బ వినబడగానే అత్తయ్య వీధిలోకి పరుగెత్తి, కనిపించిన ప్రతి మనిషికీ వేలు చూపించేది. పిల్లల్ని కంచె అవతలికి ఆడుకోవడానికి పంపేశాం. నేను రుబ్బడం మానేసి అన్నీ నానబెట్టి చేత్తో నలిపి వండాను, మా ఆయన తినలేక తిన్నాడు. మిషనమ్మ మిషను మీద దుప్పటి కప్పేసి, బట్టలు చేత్తో కుట్టడం మొదలుపెట్టింది. ఆవిడ వేళ్ల నిండా సూది పోట్లే. అంత చేసినా మావయ్య కొడుతూనే ఉన్నాడు. ఎంత కొడితే మేమంత నోరు మూసుకున్నాం, మేమెంత మూసుకుంటే ఆయన అంత కొట్టాడు.

ఒక మధ్యాహ్నం నేను జావ కాచి తీసుకెళ్లాను. అత్తయ్య చెంచా పట్టుకుని బతిమాలుతోంది, ఆయన గోడకు తిరిగి ఉన్నాడు. దెబ్బ, దెబ్బ. వీధిలో అప్పటికే ఒక్క అలికిడి లేదు. ఇంక ఎవరిని ఊరుకోబెట్టాలో తెలియక అత్తయ్య గుమ్మంలో నిలబడిపోయింది. అప్పుడు మిషనమ్మ చెప్పులు చేత పట్టుకుని లోపలికి వచ్చింది. రావడం రావడం నేల మీద కూలబడింది. ఆ సరికి మన మాటలు కొన్ని వచ్చాయి ఆవిడకు.

"అక్కా, ఆ రోజు కూడా ఇలాగే కొట్టాడు" అంది.

నేను కళ్లతో వద్దని సైగ చేశాను. ఆవిడ నా వంక చూడలేదు.

"నేను మిషను ఆపాను. మళ్లీ కొట్టాడు. పిల్లల్ని పంపాను. మళ్లీ కొట్టాడు. అందరికీ ఉష్ చెప్పాను. ఆయన పిలిచాడక్కా. రమ్మని పిలిచాడు. నేను నోరు మూసుకుని కూర్చున్నాను."

 అత్తయ్య చూపు మావయ్య ఎడమ చేతి మీద ఉంది. నాకు భయం వేసింది, ఆ ఇద్దరాడవాళ్ల మధ్య గోడ ఇక ఏ జన్మకూ తలుపవదని. కాసేపటికి అత్తయ్య వెళ్లి మిషనమ్మ పక్కన కూర్చుంది. సూది గుచ్చుకుని గరుకెక్కిన ఆ వేళ్లను తన ఒళ్లో పెట్టుకుంది.

"నువ్వేం చేశావే పిచ్చిదానా. గోడ మీద కొడితే నోరు మూసుకోమని నేర్పింది నేను" అంది. ఆ వేళ్లు వదిలి, "వెళ్లు. వెళ్లి మిషను తొక్కు" అంది.

మిషనమ్మకు అర్థం కాలేదు. నేనే చెయ్యి పట్టి తీసుకెళ్లి, దుప్పటి తీసి, స్టూలు మీద కూర్చోబెట్టాను. గుడ్డ కూడా పెట్టకుండానే తొక్కింది పాపం. ఆ చక్రం చప్పుడు విని ఎంత కాలమైందో. మళ్లీ అత్తయ్య గుమ్మంలోకి వచ్చి చూద్దును కదా, మావయ్య కొట్టడం ఆపేశాడు. తల ఇటు తిప్పాడు. కళ్లు తెరిచి ఉన్నాయి.

అత్తయ్య ఒక్క ఉదుటున వీధిలోకి వచ్చింది. అందరూ మాట్లాడండి, గట్టిగా మాట్లాడండి అని పురమాయించింది. ఆడవాళ్లు గుమ్మాల్లోకి వచ్చి ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. పెద్దావిడకు మతి చలించిందని భయపడ్డారు గానీ ఎవరి నోటా మాట రాలేదు. ఏం మాట్లాడాలని ఒకావిడ చేతులతో అడిగింది. దేవుడిచ్చిన నోరు ఇన్నాళ్లకు పనికొచ్చింది కదా అని నేనే మొదలుపెట్టాను. మా ఆయన్ని, వాళ్ల అమ్మని, ఆ ఊరి దుమ్ముని, దుకాణంలో పుచ్చు గింజల్ని కలిపి ఎడాపెడా తిట్టాను. పిల్లలకు హుషారొచ్చింది. కుక్కర్లు, బకెట్లు, రేడియోలు అన్నీ లేచాయి.

అలా ఎంతోసేపు సాగలేదు. మూడో ఇంటి తలుపు తెరుచుకుని క్రేను నడిపే కుర్రాడు బయటకు వచ్చాడు. రాత్రి షిఫ్టు దిగినవాడు. కళ్లు ఎర్రగా ఉబ్బిపోయి, గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఎవర్నీ ఏమీ అనలేదు, అనే ధైర్యం ఆ వరసలో ఎవరికీ లేదు. అత్తయ్య వాడి కళ్లు చూసింది. అందర్నీ ఎగదోస్తూ లేచిన ఆవిడ చెయ్యి కిందికి దిగిపోయింది. "నువ్వు పడుకో నాయనా, తప్పయిపోయింది" అంది. మేమంతా ఎక్కడివాళ్లం అక్కడ ఆపేశాం. ఆవిడ నిస్సహాయంగా అటూ ఇటూ చూసి, ఇంట్లోకి నడిచింది. నేనూ వెనకే వెళ్లాను. వరస సద్దుమణగడం వినబడింది కాబోలు, మావయ్య మళ్లీ గోడవైపు తిరిగి చెయ్యి ఎత్తుతున్నాడు.

అత్తయ్య వెళ్లి మంచం పట్టె మీద కూర్చుని ఆ చెయ్యి పట్టుకుంది.  మాట ఎక్కడ మొదలుపెట్టాలో ఆవిడకు తెలియడం లేదని నాకు అర్థమైంది.

"ఈసారి బండికి సబ్బులు రాలేదండీ" అంది చివరికి. "వచ్చేసారి వస్తాయట."

మావయ్య తల తిప్పి చూశాడు. ఆవిడకు కొంచెం ధైర్యం వచ్చినట్టుంది. మూడో ఇంటి క్రేను కుర్రాడికి పెళ్లి కుదిరిందని చెప్పింది. మిషనమ్మ పెద్ద పిల్ల లెక్కల్లో మొదటిదని చెప్పింది. వీధిలో గొట్టం పగిలి ఇళ్లలోకి నీళ్లొచ్చిన సంగతి, అదెప్పుడో ఏళ్ల కిందటిది, చెప్పింది. ఆ పూట అంతా చీరలెత్తి మోకాలి లోతులో నీళ్లు తోడారట, చప్పుడు కాకుండా, ఆయన మంచం కింద కూడా. ఆయనకు అది తెలియనే తెలియదు. క్రేను కుర్రాడి నిద్ర చెడకుండా, పక్కనున్న నాకే అందీ అందనట్టు, గొంతు దించి చెబుతూనే ఉంది. మావయ్య రెప్ప వెయ్యకుండా విన్నాడు.

"మన అబ్బాయి తొలి అడుగు వేసిన రోజు మీరు ఈ మంచం మీదే ఉన్నారు" అంది. "రెండడుగులు వేసి పడ్డాడు. ఏడవబోతే నోరు మూసి గుట్టల దాకా ఎత్తుకుపోయాను. వచ్చేసరికి మీరు షిఫ్టుకి వెళ్లిపోయారు. రేపు చెబుదామనుకున్నాను, రేపు కూడా నిద్రపోయారు. తర్వాత చెప్పనే లేదండీ మీకు."

 మావయ్య ఎడమ చెయ్యి ఆవిడ మణికట్టును గట్టిగా పట్టుకుంది.

"ఇన్నేళ్లూ మీ నిద్రకు కాపలా కాశాను గానీ, మీతో కాపురం చేశానా?" అంది.

నాకు అక్కడ నిలబడడం తప్పనిపించి, జావ చల్లారింది, వేడి చేసుకొస్తానని మంచం పక్కనున్న గిన్నె అందుకోబోయాను. అత్తయ్య తియ్యనివ్వలేదు. అప్పటికే ఆయన చెంచా కోసం నోరు తెరిచాడు.